అద్దెకు తెచ్చిన యూటీ సెట్: మిషన్ బంగారం, గొడవంతా షూ దగ్గరే

యూటీ అంటే అల్ట్రాసోనిక్ టెస్టింగ్, శబ్దం లోపలికి పంపి పైపు వెల్డుల్లో లోపాలు వెతికే పని, దానికి అద్దెకు తెచ్చిన సెట్ గురించే ఈ రివ్యూ. ముందే చెప్పేస్తున్నా, ఐదుకి మూడున్నర. మిషన్ ఒక్కదానికే అయితే ఐదుకి ఐదు ఇచ్చేసేవాణ్ణి, కానీ నేను డబ్బు కట్టింది మొత్తం సెట్‌కి. ఫ్లా డిటెక్టర్ (లోపాలు చూపించే మిషన్), రెండు ప్రోబ్‌లు, 3, 4, 6 అంగుళాల పైపులకి వంపు తీసిన షూలు (ప్రోబ్ కింద ఉండే దిమ్మలు), మిషన్ లెక్క సరిచూసుకోవడానికి వంపు ఉన్న కాలిబ్రేషన్ బ్లాక్ ఒకటి, మందం కొలిచే చిన్న గేజ్ ఒకటి, అన్నీ కలిపి "సార్, మీరు పెట్టె తెరిచి పని మొదలెట్టడమే" అన్నారు. షాప్ హైదరాబాద్‌లో బాలానగర్ వైపు. పేరు రాయను. మంచివాళ్లే, ఫోన్ ఎత్తుతారు, అది ఈ వ్యాపారంలో చిన్న విషయం కాదు. కానీ పెట్టె తెరిచి పని మొదలెట్టడం మాత్రం కుదరలేదు, ఆ కథే రాస్తున్నా, ఎందుకంటే ఇలాంటి సెట్లు అద్దెకు తీసుకునే కుర్రాళ్లు గాజువాకలోనే పదుల మంది ఉన్నారు, అందరూ మిషన్ మోడల్ ఏంటని అడుగుతారు తప్ప షూ గురించి ఒక్కడూ అడగడు.

పని విశాఖ పక్కన పరవాడ వైపు ఒక ప్లాంట్ షట్‌డౌన్‌లో (మరమ్మతులకి ప్లాంట్ ఆపే రోజులు). 12 రోజులు. ఎక్కువగా 4 అంగుళాల షెడ్యూల్ 80 (గోడ మందంగా ఉండే రకం) స్టీమ్ లైన్, కొన్ని 6 అంగుళాలవి, ఒక 14 జాయింట్లు 3 అంగుళాలవి. మామూలుగా రేడియోగ్రఫీ చేసేవాళ్లు, కానీ రేడియేషన్ వచ్చే ఇరిడియం సోర్స్ తీస్తే చుట్టూ మనుషుల్ని ఖాళీ చేయించాలి, తాళ్లు కట్టాలి, రాత్రి రెండింటికి ఫిల్మ్ పెట్టాలి, షట్‌డౌన్‌లో పగలూ రాత్రీ మనుషులు పని చేస్తుంటే ఎక్కడికని పంపుతారు? అందుకే యూటీ అన్నారు. మనకి కావలసిందీ అదే.

ఈ ఫీల్డ్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఆసుపత్రిలో కడుపు స్కానింగ్ చేసేటప్పుడు జెల్ రాసి ప్రోబ్ నొక్కుతారు కదా, మధ్యలో గాలి ఉంటే శబ్దం లోపలికి పోదు. కడుపు మెత్తన కాబట్టి ప్రోబ్ ఎలా ఉంటే అలా ఒదిగిపోతుంది. పైపు ఒదగదు. ప్రోబ్ కింద ఉండే పెర్‌స్పెక్స్ (గట్టి ప్లాస్టిక్) దిమ్మ, వెడ్జ్ అంటారు, మేం షూ అంటాం, అదీ ఒదగదు. అడుగు చదునుగా ఉన్న షూని 4 అంగుళాల పైపు మీద పెట్టడమంటే బిందె మీద స్కేలు పెట్టినట్టే. మధ్యలో ఒక గీత మీద ఆనుతుంది, అటూ ఇటూ ఊగుతుంది. ఊగిన ప్రతిసారీ లోపలికి వెళ్లే శబ్దం దారి మారిపోతుంది, మనం మాత్రం స్క్రీన్ చూసి "లోపం ఇక్కడుంది" అని పైపు మీద మార్కర్‌తో గీత గీస్తాం.

ఎంత సందు ఉంటే ఎక్కువ అనడానికి లెక్క ఉంది. షూ వెడల్పుని దాంతోనే హెచ్చవేసి పైపు బయటి వ్యాసంతో భాగించాలి, వచ్చేది మిల్లీమీటర్లలో సందు, వెల్డుల యూటీకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 17640 ప్రకారం అది 0.5 దాటకూడదు. నా షూ వెడల్పు 16 మిల్లీమీటర్లు. 16 పదహార్లు 256. 4 అంగుళాల పైపు బయటి వ్యాసం 114.3, అంటే సందు 2.2 మిల్లీమీటర్లు. 6 అంగుళాలకి 1.5. 8 అంగుళాలకి కూడా 1.2 దగ్గర వస్తుంది. 20 అంగుళాల పైపు దగ్గరికి వెళ్తే గానీ అరకి దిగదు. ఏఎస్ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం) కోడ్ సెక్షన్ 5 కూడా కాలిబ్రేషన్ బ్లాక్ విషయంలో చదును బ్లాక్‌కి ఒప్పుకునేది 20 అంగుళాలు దాటిన వ్యాసాలకే, కాబట్టి "చిన్న పైపే కదా, కొంచెం గ్రీజు ఎక్కువ రాస్తే సరిపోతుంది" అనే సూపర్‌వైజర్ ఎదురైతే ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి. నేను చూపించాను. ఆయన గ్రీజు డబ్బా నా వైపు జరిపాడు, అది వేరే సంగతి.

నాకీ షూ పిచ్చి ఊరికే రాలేదు. యూటీ చేయడానికి కావలసిన లెవెల్ టూ పరీక్ష కొత్తగా పాసైన రోజుల్లో ఒక సైట్‌లో (అదీ పేరు వద్దు) వంపు షూ తెప్పించలేదు, చదునుదే ఇచ్చి "ఎమరీ పేపర్ పైపుకి చుట్టి దాని మీద రుద్దెయ్" అన్నారు. ఇది అందరూ చేసే పనే, తప్పేం కాదు, పద్ధతి తెలిస్తే. నాకు తెలియదు. ఎండలో కూర్చుని అరగంట రుద్దాను, పెర్‌స్పెక్స్ కాలిన వాసన ముక్కుకి పట్టేసింది, చివరికి పైపు మీద పెడితే అచ్చు గుద్దినట్టు కూర్చుంది. మురిసిపోయాను. చేత్తో రుద్దేటప్పుడు మనకి తెలియకుండా ముందుకి వొత్తుతాం, దాంతో షూ ముక్కు వైపు ఎక్కువ అరిగింది, మడమ వైపు తక్కువ అరిగింది, అది నేను చూసుకోలేదు.

ముక్కు కిందికి వాలితే ఏమవుతుందో చూడండి. పెర్‌స్పెక్స్‌లో శబ్దం సెకనుకి 2,730 మీటర్లు పోతుంది, ఇనుములో మేం వాడే షియర్ తరంగం (అడ్డంగా ఊగుతూ సాగే శబ్దం) దాదాపు 3,240. నీళ్లలో పెట్టిన కర్ర వంగినట్టు కనిపిస్తుంది కదా, అలాగే రెండు పదార్థాలు కలిసే చోట శబ్దం వంగుతుంది. ఇనుములో శబ్దం 70 డిగ్రీల వాలుతో (పైపు మీద నిటారుగా నిలబెట్టిన గీత నుంచి కొలిస్తే) పోవాలంటే షూలో 52 డిగ్రీల వాలు ఉండాలి. ఆ 52 కాస్తా 50 అయితే ఇనుములో 70 పోయి 66 అవుతుంది. షూలో రెండు తగ్గితే ఇనుములో నాలుగు తగ్గుతుంది, వడ్డీ లాగా.

నా మిషన్‌లో 70 అనే ఉంది. నిజానికి 66. 8.56 మిల్లీమీటర్ల గోడ ఉన్న పైపులో రూట్ బీడ్ (వెల్డ్‌లో అన్నిటికంటే లోపలి పొర) నుంచి తిరిగొచ్చే మామూలు శబ్దం, ఎకో, అంటే లోపం కాని ఎకో, 66 డిగ్రీల దారిలో 21 మిల్లీమీటర్లు ప్రయాణించి వస్తుంది. మిషన్ దాన్ని 70 లెక్కలో వేసి లోతు 7.2 అని చూపించింది. 8.56 దగ్గర కనపడితే రూట్ అని వదిలేసేవాణ్ణి. 7.2 అంటే రూట్‌కి దాదాపు మిల్లీమీటర్‌న్నర పైన, సరిగ్గా గోడకీ వెల్డ్‌కీ మధ్య అతుకు పడలేదు అనిపించే చోటు. ఎల్ఓఎఫ్ (లాక్ ఆఫ్ ఫ్యూజన్) అని రాసి రిజెక్ట్ కొట్టాను. ఒకటి కాదు, వరసగా మూడు జాయింట్లు, మూడూ ఒకే వెల్డర్‌వి.

ఆయన శ్రీకాకుళం వైపు మనిషి, మా నాన్న వయసు ఉంటుంది. అరవలేదు. నా పక్కన కూర్చుని బీడీ తీసి, పర్మిట్ ఏరియా అని గుర్తొచ్చి మళ్లీ జేబులో పెట్టుకుని, "బాబూ, నా చేత్తో ఎట్టిన రూటు నాకు తెల్దా? ఒక్కటి కోసి చూడమను, అతుకు పడకపోతే మిగతా రెండూ నేనే ఊరికే కట్టేత్తాను" అన్నాడు. కోశారు. గ్రైండర్‌తో పొర పొరగా తీశారు, పగుళ్లు బయటపెట్టే రంగు, డై పెనెట్రెంట్, కొట్టారు. ఏమీ లేదు. శుభ్రమైన వెల్డు. క్యూసీ (నాణ్యత చూసే) ఇంజనీర్ నా వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే. పెద్దాయన మాత్రం మళ్లీ జాయింట్ కట్టడానికి వెళ్తూ "పోన్లే బాబూ, మిషన్ కదా" అన్నాడు. మిషన్ కాదు పెద్దాయనా, నా షూ. అది ఆ రోజు చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నా.

సరే, రివ్యూకి వద్దాం.

మిషన్ ఎపోక్ 650, నాబ్ ఉన్న మోడల్. దీని గురించి ఎక్కువ రాయడానికి ఏం లేదు, బాగుంది. ఎండలో స్క్రీన్ కనపడుతుంది, బ్యాటరీ షిఫ్ట్ అంతా వచ్చింది, కాలిబ్రేషన్ సర్టిఫికెట్ గడువు లోపే ఉంది, సీరియల్ నంబర్ కలిసింది (కలవని సందర్భాలు చూశాను కాబట్టి రాస్తున్నా). కేబుల్ ఒకటి కొంచెం లూజు, కదిలిస్తే ఎకో ఎగురుతోంది, రెండోది పెట్టుకున్నాను. అంతే.

షూలు. పెట్టె తెరవగానే ముందు చూసింది ఇవే. నా పద్ధతి ఏంటంటే, పైపు ముక్క మీద షూ పెట్టి, సన్న కాగితం చింపి నాలుగు మూలలా దూర్చి చూస్తా. ఎక్కడా దూరకూడదు. తర్వాత పైపుకి మార్కర్ రాసి, ఆరకముందే షూని ఒక్కసారి ఆనించి తీస్తా, సిరా అడుగంతా ఒకేలా అంటుకుందా లేదా అని. 4 అంగుళాలది అద్భుతం. మిల్లింగ్ మిషన్ మీద తీసినట్టున్నారు, అడుగు అద్దంలా ఉంది, సిరా మూల మూలకీ అంటింది. 6 అంగుళాలదీ అంతే. ఈ రెండింటికీ దండం పెట్టొచ్చు.

3 అంగుళాలది తీసి పైపు మీద పెడితే గడపలో ఇరుక్కున్న కుర్చీలా నిలబడింది. తిప్పి చూశాను. డబ్బా మీద 3 అంగుళాలు అనే ఉంది, వంపూ 3 అంగుళాలదే, కానీ అడ్డంగా ఉండాల్సిన వంపు నిలువుగా ఉంది. పెట్టింది సీఓడీ షూ, నాకు కావలసింది ఏఓడీ.

ఈ రెండు పేర్లూ ఎంత మందిని తికమక పెడతాయో. ఏఓడీ అంటే శబ్దం పైపు పొడవునా వెళ్తుంది, కాబట్టి వంపు షూ వెడల్పులో ఉంటుంది. చుట్టూ ఉండే వెల్డ్‌ని, అంటే మామూలు పైపు జాయింట్‌ని చూడాలంటే ఇదే. సీఓడీ అంటే శబ్దం పైపు చుట్టూ తిరుగుతుంది, వంపు షూ పొడవులో ఉంటుంది. పైపు పొడవునా ఉండే అతుకులూ, నిలువు పగుళ్లూ వెతకడానికి అది. ఆర్డర్ ఇచ్చేటప్పుడు "3 అంగుళాల షూ" అని మాత్రం చెప్తే యాభై శాతం అదృష్టం మీద వదిలేసినట్టే. నేను వాట్సాప్‌లో "గర్త్ వెల్డ్‌కి" అని స్పష్టంగా రాశాను, స్క్రీన్‌షాట్ ఉంది.

ఫోన్ చేశాను. అటు నుంచి కుర్రాడు "సార్, మూడు అంగుళాలే కదా అడిగారు, మూడే పంపాం" అన్నాడు. ఐదు నిమిషాలు వివరించాను, ఫోటో పంపాను, వీడియో పంపాను. చివరికి ఓనర్ లైన్‌లోకి వచ్చి "అయ్యయ్యో, మావాడు డబ్బాలు మార్చేశాడండీ" అని, ఆ రాత్రి బస్సుకే సరైనది వేయించాడు. పొద్దున ఎన్‌ఏడీ జంక్షన్‌లో క్లీనర్ చేతి నుంచి తీసుకున్నాను. పార్సిల్ డబ్బు వాళ్లే కట్టారు. ఈ విషయంలో మాత్రం మెచ్చుకోవాలి, ఇంకో షాప్ అయితే "ఉన్నదాంతో సర్దుకోండి సార్" అనేసేది. కానీ ఒక రోజు పోయింది, షట్‌డౌన్‌లో ఒక రోజు అంటే ఎంత టెన్షనో అక్కడ ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు.

ఇక బ్లాక్. వంపు షూతో ఉన్న పెద్ద చిక్కేంటంటే, మామూలు వీ1, వీ2 బ్లాకుల పైన అది కూర్చోదు, అవి చదునుగా ఉంటాయి మరి. వంపు తీశాక షూ మందం తగ్గింది, శబ్దం బయటికొచ్చే చోటు జరిగింది, కోణం కాస్త మారి ఉండొచ్చు, ఇవన్నీ మళ్లీ కొలవాలి, కొలవాలంటే అదే వంపున్న బ్లాక్ కావాలి. వీళ్లిచ్చింది నిజమైన 4 అంగుళాల షెడ్యూల్ 80 పైపు ముక్క, ఏ106 గ్రేడ్ బీ రకం ఉక్కు, మెటీరియల్ సర్టిఫికెట్‌తో సహా. లోపలా బయటా సన్నటి గాట్లు. గాటు లోతు గోడ మందంలో 8 నుంచి 11 శాతం మధ్య ఉండాలి, అంటే దీనికి 0.68 నుంచి 0.94 మిల్లీమీటర్లు, వాళ్లు రిపోర్ట్‌లో రాసినవి ఆ హద్దులోనే ఉన్నాయి. బ్లాక్‌కి పూర్తి మార్కులు.

అయితే సెట్‌లో 3 అంగుళాల షూ ఇచ్చి 3 అంగుళాల బ్లాక్ ఇవ్వలేదు. ఒక వంపు బ్లాక్‌ని దాని వ్యాసానికి 0.9 రెట్ల నుంచి 1.5 రెట్ల వరకు వాడుకోవచ్చని సెక్షన్ 5 చెప్తుంది. 114.3 కి లెక్కేస్తే సుమారు 103 నుంచి 171 మిల్లీమీటర్లు. 6 అంగుళాల పైపు 168.3, వంపు లెక్కలో చివరి మెట్టు మీద ఎక్కేసింది (గోడ మందం సంగతి మళ్లీ వేరే చూసుకోవాలి). 3 అంగుళాల పైపు 88.9, బయటే ఉండిపోయింది. అంటే వాళ్ల సెట్‌లో ఆ షూ ఉన్నా, కోడ్ ప్రకారం దాన్ని వాడే దారి లేదు! పెట్టె సర్దినవాళ్లకి ఈ లెక్క తెలియదా, తెలిసినా ఎవరూ అడగరులే అనుకున్నారా, ఏమో. నేను సైట్‌లో మిగిలిన పైపు ముక్క పట్టుకుని గాజువాక ఆటోనగర్‌లో స్పార్క్ ఎరోషన్ (కరెంటు నిప్పురవ్వలతో లోహం కోయడం) చేసే షాప్‌కి వెళ్లి గాట్లు పెట్టించుకున్నాను. బయటి వ్యాసం 100 మిల్లీమీటర్ల లోపు ఉన్న బ్లాక్‌కి చుట్టుకొలతలో కనీసం ముప్పాతిక వంతు ఉండాలి కాబట్టి సగం చీల్చిన ముక్క పనికిరాదు, ఆ సంగతి ఆటోనగర్ మేస్త్రికి చెప్తే "గుండ్రంగానే ఉంచేద్దాం సార్, కోత డబ్బులు మిగుల్తాయి మీకు" అన్నాడు. ఆయనకి ఐదుకి ఐదు.

ఇంకొకటి, ఇది షాప్ తప్పు కాదు, నాదే. బ్లాక్‌నీ ప్రోబ్‌నీ రాత్రి కంటైనర్ ఆఫీసులో ఏసీ కింద పెట్టేవాణ్ణి. పొద్దున అక్కడే చల్లగా కూర్చుని కాలిబ్రేషన్ చేసుకుని, పదకొండింటికి స్కాఫోల్డింగ్ ఎక్కితే పైపు చెయ్యి పెట్టలేనంత వేడి. బ్లాక్‌కీ పైపుకీ మధ్య తేడా 14 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు, నాకు దానికి రెండింతలు ఉండి ఉంటుంది. పెర్‌స్పెక్స్ వేడెక్కితే అందులో శబ్దం నెమ్మదిస్తుంది, ఇనుములో కోణం పెరుగుతుంది, 45 డిగ్రీల ప్రోబ్‌కి కొంచెమే, 70 కి బాగానే. మళ్లీ అదే కథ, ఈసారి రూట్ ఎకో ఉండాల్సిన దానికంటే కిందికి దిగి పైపు గోడ దాటి కనపడుతోంది. ఒకసారి కాలిన పిల్లిని కదా, వెంటనే దిగి బ్లాక్‌ని ఆ పైపు పక్కనే ఎండలో అరగంట పెట్టి మళ్లీ కాలిబ్రేట్ చేశాను. మే నెలలో విశాఖలో పని చేసేవాళ్లు బ్లాక్‌ని కూడా మీతో పాటే పైకి మోసుకెళ్లండి, బరువే, కానీ మొయ్యండి.

మిషన్‌లో సీఎస్‌సీ అని వంపు సవరణ ఉంటుంది, వ్యాసం కొడితే చాలు లెక్కలన్నీ అదే చూసుకుంటుందని షాప్ కుర్రాడు ఫోన్‌లో చెప్పాడు. సగమే నిజం. అది పైపు చుట్టూ స్కాన్ చేసేటప్పుడు లోతు, దూరం లెక్కలు సరిచేస్తుంది. పైపు పొడవునా చూసే మామూలు జాయింట్‌కి దాని పని లేదు. షూ కింద సందుని అది ఏం చేయగలదు?

చుట్టూ స్కానింగ్ అవసరం మాకు ఒక్క చోటే పడింది. కొత్తగా తెచ్చిన 4 అంగుళాల పైపుల్లో నిలువు పగుళ్లేమైనా ఉన్నాయేమో చూడమన్నారు. క్లయింట్ తరఫు ఇంజనీర్ 60 డిగ్రీలతో చూడాలని పట్టుబట్టాడు. ఆ పైపులో 60 డిగ్రీల శబ్దం లోపలి గోడని తాకనే తాకదు! లోపలి వ్యాసం 97.2, బయటిది 114.3, భాగిస్తే 0.85. 60 డిగ్రీల సైన్ 0.866. సైన్ విలువ ఆ నిష్పత్తి కంటే ఎక్కువైతే శబ్దం లోపలి గోడని అందుకోకుండా గోడ మధ్యలోంచే తిన్నగా సాగి బయటి ఉపరితలానికి వచ్చేస్తుంది, గుడి చుట్టూ ప్రదక్షిణ చేసి గర్భగుడిలోకి వెళ్లనట్టు. 45 అయితే తాకుతుంది, అదీ 56 డిగ్రీల దగ్గర తాకుతుంది. మాటలతో ఒప్పుకోలేదు, వృత్తలేఖిని తెప్పించి కాగితం మీద నిజమైన కొలతలతో గీసి చూపిస్తే ఒప్పుకున్నాడు. 4 అంగుళాల సీఓడీ షూ మళ్లీ బస్సులో వచ్చింది. దీనికి డబ్బు నేనే కట్టాను, న్యాయమే, ముందు అడగలేదు కదా.

మందం గేజ్ గురించి తక్కువ రాసేస్తే తప్పవుతుంది, నిజానికి మనుషుల ప్రాణాలు ఎక్కువగా దాని మీదే ఉంటాయి. బెండుల వెలుపలి వంపు, ఆరిఫిస్ (ప్రవాహం కొలిచే చిల్లు పలక) తర్వాత వచ్చే పైపు, ఇలాంటి చోట్ల నీటి వేగానికి లోపలి గోడ మెల్లగా కరిగిపోతుంది, బయటికి ఏమీ కనపడదు. జపాన్‌లో మిహామా అణు కేంద్రం మూడో యూనిట్‌లో 2004 ఆగస్టు 9న టర్బైన్ హాల్‌లో ఒక పైపు పగిలి వేడి నీరు, ఆవిరి మీద పడి ఐదుగురు చనిపోయారు. అక్కడి గోడ మొదట 10 మిల్లీమీటర్లు, పగిలేనాటికి బాగా పల్చబడిపోయింది. ఆ చోటు తనిఖీ జాబితాలోనే లేదు, 1976లో యూనిట్ మొదలైనప్పటి నుంచి ఒక్కసారి కూడా కొలవలేదు. అమెరికాలో సర్రీ ప్లాంట్‌లో 1986 డిసెంబర్‌లో ఇలాగే 18 అంగుళాల బెండు పగిలి నలుగురు పోయారు. మన కోనసీమలో 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం ఊళ్లో గ్యాస్ పైపు పేలిన సంగతి ఎవరూ మర్చిపోలేదు, 20 మందికి పైగా పోయారు. అది భూమిలో ఉన్న లైను, దాని కథ వేరే, కానీ పైపు గోడ ఎంత మిగిలిందో తెలుసుకోవడం అనే పని ఎందుకు ఉందో మా బ్యాచ్‌లో కొత్త కుర్రాళ్లకి చెప్పాలంటే నేను ఆ ఊరి పేరే చెప్తాను.

గేజ్ బాగుంది. ప్రోబ్ కొన చిన్నది, వంపు మీద ఊగలేదు. ఇందులో రెండు పలకలు పక్కపక్కన ఉంటాయి, ఒకటి పంపుతుంది, ఒకటి వింటుంది, మధ్యలో ఒక గీతలా అడ్డు ఉంటుంది. ఆ గీత పైపు పొడవుకి అడ్డంగా ఉండేలా పట్టుకోవాలి. చిన్న పైపుల మీద నేనైతే రెండు విధాలా తిప్పి చూసి, తక్కువ వచ్చిన అంకె రాసుకుంటా. వీళ్ల గేజ్‌తో రెండు అంకెలకీ తేడా దాదాపు రాలేదు, అంటే కొన అరిగిపోలేదని అర్థం. అద్దె గేజుల్లో ఇది అరుదు, కొన అరిగి ఒక పక్కకి వాలిపోయినవే ఎక్కువ దొరుకుతాయి.

కప్లాంట్ అని ఒక జెల్ సీసా ఇచ్చారు. మూడు రోజుల్లో ఐపోయింది. తర్వాత సీఎంసీ (నీళ్లలో జిగురులా చిక్కబడే సెల్యులోజ్) పొడి నీళ్లలో కలుపుకున్నాం, గంజిలా ఉంటుంది, ఎండలో తొందరగా ఆరిపోతుంది కానీ కడిగితే పోతుంది, పెయింట్ వాళ్లతో గొడవ ఉండదు.

ఫేజ్‌డ్ అరే (ఒకే ప్రోబ్‌లో చాలా చిన్న పలకలుండి, ఒకేసారి అనేక కోణాల్లో చూసే యూటీ) ఎందుకు తీసుకోలేదని అడుగుతారు. కోబ్రా లాంటి స్కానర్లు 21 నుంచి 114 మిల్లీమీటర్ల వ్యాసం వరకు పైపులకి గొలుసులా చుట్టుకుంటాయి, పక్క పైపుకీ దీనికీ మధ్య 12 మిల్లీమీటర్ల సందు ఉంటే చాలు తిరుగుతాయి, బాయిలర్ ట్యూబులకి ప్రాణం లాంటివి. చేతి వణుకు ఉండదు, రికార్డు మిగులుతుంది. కానీ అద్దె చాలా ఎక్కువ, దానికి సర్టిఫికెట్ విడిగా ఉండాలి, పైగా అక్కడా ఒక్కో వ్యాసానికి ఒక్కో వంపు షూ కావాల్సిందే. షూ బాధ తప్పుతుందని మాత్రం దాని దగ్గరికి వెళ్లకండి.

ఎవరు తీసుకోవచ్చు? 4, 6 అంగుళాల జాయింట్లు మాత్రమే ఉంటే కళ్లు మూసుకుని తీసుకోండి. 3, అంతకంటే చిన్నవి ఉంటే బ్లాక్ ఉందా అని ముందు అడగండి, ఏఓడీయా సీఓడీయా అని ఒకటికి రెండుసార్లు రాసి పంపండి, పెట్టె కట్టే ముందు షూ అడుగు ఫోటో పైపు ముక్క మీద పెట్టి తీసి పంపమనండి. డిపాజిట్ చెప్పిన రోజుకే వెనక్కి వేశారు, అందులో పేచీ లేదు.

తిరిగి ఇచ్చేటప్పుడు ఒక సంగతి జరిగింది. కౌంటర్ దగ్గర కుర్రాడు మిషన్ ఆన్ చేసి స్క్రీన్ మీద గీతలున్నాయా అని వెలుగులో తిప్పి తిప్పి చూశాడు, కేబుళ్లు లెక్కపెట్టాడు, చార్జర్ చూశాడు. షూల డబ్బాలు మూతలు తీయకుండా వేళ్లతో ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు అని లెక్కపెట్టి పక్కన పెట్టేశాడు. నేను ఆ తప్పు 3 అంగుళాల డబ్బాలో "ఇది సీఓడీ, జాయింట్లకి పనికిరాదు, డబ్బా మీద రాయండి" అని చీటీ రాసి పెట్టి ఉన్నాను, కుర్రాడికి నోటితో కూడా చెప్పాను, "అలాగే సార్" అన్నాడు.

రెండు నెలల తర్వాత ఇంకో పనికి అదే సెట్ తీసుకున్నాను. మిషన్‌కి కొత్త స్క్రీన్ గార్డ్ వేశారు. 3 అంగుళాల డబ్బా మూత తీస్తే నా చీటీ అలాగే ఉంది, నేను మడిచిన మడతలోనే.